మంచి కన్ను ముందు

బస్తర్ ఇనుపగనుల ఊరు బచేలిలో, బస్టాండు వరండాలో పడుకునే రోజుల్లో అక్కడివాళ్ళకు కాగితాలు చదివిపెట్టేది నేనే. హిందీ, తెలుగు, కూడబలుక్కుని ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇల్లు లేని వికలాంగులకు గదులిస్తాం, ఎంతకాలమైనా ఉండొచ్చు అని ఒక సంస్థవాళ్ళు కాగితం పట్టుకొచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చదివి, ఇందులో ఏదో ఉంది, సంతకం పెట్టకండని ముగ్గురికి చెప్పాను. ఇద్దరు నా మాట విన్నారు. ఆ తర్వాత అదే కాగితం మీద నేను సంతకం పెట్టాను. నా మాట విన్నవాళ్ళలో ఒకతను ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరూ చెప్పలేకపోతున్నారు. నోటితో చెప్పినదాన్ని నోటితో దిద్దుకుందామంటే మనిషి దొరకాలి కదా. అందుకని రాస్తున్నాను. ఎవరైనా చదివి అతనికి చెబుతారేమో.

పేర్లు రాయడం లేదు. మా వైపు పేరు ఒకసారి కాగితం మీదికెక్కితే అది ఏ బల్ల మీదికి చేరుతుందో తెలియదు.

నేను రైలు క్వార్టర్లలో పెరిగాను. మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి ఇనుపరాయి మోసే ఈ రైలు లైనుకు వచ్చి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. మూడో ఏట పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. మాలో ఎవరూ ‘ఇల్లు’ అనేవాళ్ళు కాదు. ‘మీ క్వార్టరెక్కడ?’ అని అడిగేవాళ్ళు. గోడలు, కప్పు, పెరట్లో బొప్పాయి చెట్టు అన్నీ డ్యూటీతో వచ్చేవి, డ్యూటీతో పోయేవి. రిటైరైతే ఖాళీ. మనిషి పోతే ఖాళీ. వీటన్నిటికంటే మా పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునే మాట ‘మెడికల్ అన్‌ఫిట్’. ఆ ముద్ర పడితే బతికుండగానే పోయినట్టు.

నాన్నకు నలభై దాటాక ఒక కన్ను మసకేసింది. ఆ సంగతి ఇంట్లో మా ముగ్గురికే తెలుసు. రైల్వేవాళ్ళ కంటిపరీక్ష దగ్గరపడితే నేను అట్టముక్క మీద బొగ్గుతో అక్షరాలు రాసి వంటింటి తలుపుకి వేలాడదీసేవాణ్ణి. నాన్న నేల మీద గీసిన గీత దగ్గర నిలబడి, ముందు మంచి కన్నుతో నిదానంగా చదివి వరస బుర్రలో పెట్టుకునేవాడు. తర్వాత ఆ కన్ను మూసి, మసక కన్నుతో చూస్తున్నట్టు నటిస్తూ అదే వరస అప్పజెప్పేవాడు. “మంచి కన్ను ముందెట్టాల్రా. ఆ డాక్టరు బోర్డు మార్చడు, మనిషినే మార్చుతాడు” అనేవాడు. ప్రతిసారీ పరీక్ష గట్టెక్కాడు. ఉద్యోగంలో ఉండగానే గుండె ఆగిపోయింది.

క్వార్టర్ అప్పజెప్పే రోజు ఒకాయన జాబితా పట్టుకుని వచ్చాడు. బల్బులు, స్విచ్చులు, కుళాయిలు, ఆఖరికి గోడకున్న మేకు కంతలు కూడా చూశాడు. అమ్మ ముందురోజే ఆ కంతల్లో సబ్బుముక్క కుక్కి పైన సున్నం పూసింది. తాళంచెవి రెండు చేతులతో ఇచ్చింది, ప్రసాదం ఇచ్చినట్టు. తర్వాత మేము రేకుల షెడ్డులో ఉన్నాం. అమ్మ పోయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. బ్యాంకు ముందు కూర్చుని జనానికి ఫారాలు నింపిపెట్టడం, పొద్దుగూకితే బస్టాండు. ఎనిమిదేళ్ళు.

మధ్యాహ్నాలు టౌన్‌షిప్ లైబ్రరీ. అక్కడి అటెండరు కాళ్ళు కడుక్కుని రమ్మనేవాడు, అంతకుమించి ఏమీ అడిగేవాడు కాదు. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎడమవైపు అర నుంచి మొదలుపెట్టి వరసగా అన్నీ చదవాలి, నచ్చినా నచ్చకపోయినా. పశువుల రోగాల మీద పుస్తకం చదివాను. వంతెనల మీద చదివాను. ఒక చట్టాల పుస్తకం మూడుసార్లు చదివాను. లీజుకీ లైసెన్సుకీ తేడా ఏమిటని బ్యాంకు గుమాస్తాని అడిగి, అతను తడబడితే నేనే చెప్పాను. ఏడో తరగతితో బడి మానేసినవాడికి అది చిన్న ఆనందం కాదు.

అలాంటివాడి ముందు ఆ సంస్థ కాగితం పెట్టారు. తెచ్చినావిడది తెలంగాణ సరిహద్దున ఉసూర్ వైపు. చిన్న వయసు. అందరూ దీదీ అంటారు, నేనూ అలాగే అంటాను.

“ఎందుకిస్తన్నారు?” అన్నాను.

“మీకు ఇల్లు లేదు కాబట్టి, కాకా.”

“అది నాకూ తెలుసు. మీకేటి లాభం?”

“నాకు జీతమొస్తది.”

“మరి మీకు జీతమిచ్చినోడికి?”

ఆవిడ నవ్వింది. “గదిల కూసోని అడుగుండ్రి కాకా. ఈడ వానకు తడుసుకుంట అడుగుడేంది?”

కాగితంలో గడువు ఎక్కడుందా అని వెతికాను. లేదు. ‘ఉండాలనుకున్నంతకాలం’ అని మాత్రం ఉంది. గడువు లేని కాగితం నా ఫారాల జీవితంలో ఒక్కటీ చూడలేదు. లేదంటే దాచారని అర్థం చేసుకున్నాను. ఆ వానాకాలం వరండా కప్పు పగిలి నా నిఘంటువు తడిసి ఉబ్బిపోయింది. సంతకం పెట్టింది నమ్మి కాదు, ఆ పుస్తకం చూడలేక.

పాతబడి వదిలేసిన క్వార్టర్ల వరసను బాగుచేసి పది గదులుగా తీర్చారు. మెట్ల బదులు వాలుదారి. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీలు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకీ అందేంత కింద స్విచ్చులు. గడియ లోపలివైపు, తాళంచెవి మన దగ్గర. ఎవరి వంట వాళ్ళదే, చేసుకోలేనివాళ్ళకి ఒక మనిషి సాయం వస్తుంది. దీదీ మంగళవారం, శుక్రవారం వచ్చి మంచిచెడ్డలు కనుక్కుని, ఆసుపత్రి పనులుంటే చూసిపెడుతుంది.

క్వార్టర్ ఉందంటే డ్యూటీ ఉండాలి. ఆ డ్యూటీ ఏమిటో ఎవరూ చెప్పకపోవడం నన్ను తినేసింది. ఒకవేళ ఊడ్వడమేమోనని మూడు వారాలు పొద్దున్నే వరండా అంతా ఊడ్చాను, కర్ర చంకలో పెట్టుకుని. “ఎవరు చెప్పిండ్రు మీకు?” అని దీదీ అడిగింది. అలా అడగడం కూడా పరీక్షేమో అనుకున్నాను. గోడకి మేకు కొట్టలేదు. రేకుపెట్టె విప్పలేదు.

పక్కగదిలోకి వచ్చినావిడది అడవి లోపల జగర్గుండా వైపు. నాకంటే పెద్దది, మావాళ్ళు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. కుడికాలు మోకాలి పైదాకా లేదు. వచ్చిన పూటే రాయితో నాలుగు మేకులు కొట్టి, సంచులు తగిలించి, నా గుమ్మంలోకి తొంగిచూసింది.

“తమ్మీ, నీ బండి ఎన్నింటికి?”

“ఏ బండప్పా?”

“పెట్టె మీద కూసున్నవ్ గదా, స్టేషన్ల లెక్క. బండి లేటా?”

“నవ్వుకో. ఖాళీ సెయ్యమన్ననాడు నువ్వు ఆ మేకులు పీకలేక సస్తావు.”

“ఎవడు జెయ్యమంటడు? నేను కర్రతోని కొడ్త.”

దీదీ వచ్చినప్పుడల్లా నోటుపుస్తకంలో ఏదో రాసుకునేది. ఫారాలు నింపేవాడు ఎదుటివాడి కాగితాన్ని తలకిందులుగా చదవగలడు, అది మా వృత్తిలో నేర్చుకునేదే. ఒకరోజు నా పేజీ చదివాను. హిందీలో ఇలా ఉంది: ‘బాగున్నారు. మాటలు తక్కువ. పెట్టె ఇంకా విప్పలేదు.’ నా పెట్టెతో వాళ్ళకేం పని? ఆ వారమంతా సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆ చలికాలంలోనే తలుపుచెక్క ఎడమభుజానికి తగలడం మొదలైంది. దీపం చుట్టూ రంగుల వలయాలు. కుడికన్ను మూస్తే లోకమంతా మంచులో ఉన్నట్టుండేది. లైబ్రరీలో కంటి జబ్బుల పుస్తకం తీశాను. శుక్లం అని నిర్ణయించుకున్నాను. శుక్లానికి తొందరలేదు, ముదిరాక కూడా తీయించుకోవచ్చని రాసి ఉంది. అక్కడితో పుస్తకం మూసేశాను. దాని తర్వాతి పేజీ నీటికాసులది, డాక్టర్లు గ్లకోమా అనేదానిది. అరలకు అరలు వరసగా చదివినవాణ్ణి, ఆ ఒక్క పేజీ తిప్పలేదు. నాకు కావలసిన జవాబు ముందు పేజీలోనే దొరికింది.

హోలీ వెళ్ళిన వారానికి దీదీ మా వరండాలోనే కళ్ళ పరీక్ష పెట్టించింది. గోడకి అక్షరాల బోర్డు. ఒక కుర్రటెక్నీషియన్. నేను అడగకుండానే ఎడమకన్ను అరచేత్తో మూసుకుని కుడికన్నుతో చదివాను, నిదానంగా, వరస బుర్రలో పెట్టుకుంటూ. తర్వాత చెయ్యి మార్చి, మంచులోకి చూస్తూ అప్పజెప్పాను. మధ్యలో ఒకచోట కావాలని తడబడ్డాను, నమ్మకం కలగడానికి. అది నాన్న నేర్పింది కాదు, నా సొంతం.

“కాకా, మీ కండ్లు మస్తున్నయట” అంది దీదీ సంబరంగా. గట్టెక్కాననుకున్నాను. గది ఇంకో ఏడాది నాదే అనుకున్నాను.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున అప్ప రాగిజావ తెచ్చింది. ఇక్కడ దాన్ని పేజ్ అంటారు. వండుకున్నప్పుడల్లా నాకో గ్లాసు ఇస్తుంది. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఇవ్వవేటప్పా?” అన్నాను.

ఆమె నా ఎడమపక్కకి చూసింది. “ఎప్పుడో పెట్టిన తమ్మీ. నీ పక్కన్నే ఉంది.”

గుమ్మానికీ నాకూ మధ్య, ఎడమపక్క స్టూలు మీద ఉంది గ్లాసు. తడుముకుంటూ పోయిన నా చెయ్యి తగిలి ఒలికింది. ఆమె కర్ర పట్టుకుని లోపలికొచ్చి, నా కుడికన్ను మీద అరచెయ్యి పెట్టింది.

“నా చేతికి వేళ్ళెన్ని?”

“అయిదు.”

“మడిచినయెన్ని అని అడుగుతున్న, పంతులూ.”

నాకు మంచు తప్ప వేళ్ళు కనబడలేదు.

“దీదీకి చెప్పు” అంది.

“చెప్తే గది పోద్దప్పా. కాలూ లేక, కన్నూ లేక ఇక్కడ ఎందుకుంచుతారు? అన్‌ఫిట్ అని రాసీసి ఏదో ఆశ్రమంలో పడీస్తారు. నువ్వు చెప్పకు. నీకు దణ్ణం ఎడతాను.”

ఆమె గుమ్మంలో కూర్చుంది. “లడాయిల దారులు బందైన రోజులల్ల నా కాలికి పుండయింది. నడవలేనని తెలిస్తే మావోళ్ళు నన్ను ఇడిచిపెట్టి పోతరని బట్టకట్టి దాచిన. పురుగులు పట్టినంక తెలిసింది వాళ్ళకి. అప్పుడు గూడ ఇడిచిపెట్టలేదు, మంచం మీద మోసుకపోయిండ్రు. కాలు మాత్రం పోయింది. దాచుడు మంచిది గాదు తమ్మీ.”

“నీ కాలు కథ నాకొద్దు. నా గది నాది.”

మంగళవారం గేటు దగ్గర ఆమె దీదీతో మాట్లాడుతుంటే కుడికన్నుతో చూశాను. దీదీ నావైపు తిరిగి చూసింది. అర్థమైపోయింది. అప్ప తిరిగి వస్తుంటే ఒక మాట అన్నాను. “ముఖ్బిర్” అన్నాను.

మా వైపు ఆ మాట సరదాకి కూడా అనరు. ఇంటి గుట్టు, ఊరి గుట్టు బయటికి మోసినవాళ్ళని అంటారు. ఆమె పుట్టిన ఊళ్ళో ఆ మాట పడ్డవాళ్ళలో కొందరు మర్నాటికి ప్రాణాలతో లేరు. అది తెలిసే అన్నాను. ఆమె తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

దీదీ ఆ రోజు ఏదో ఫోను వచ్చి, రేపొస్తానని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గది అంతా కడిగాను. పొద్దున పెట్టె వరండాలోకి ఈడ్చి, దాని మీద కూర్చుని కాగితం సిద్ధం చేసుకున్నాను. దీదీ రాగానే చదవడం మొదలుపెట్టాను.

“ఫ్యాను ఒకటి, తిరుగుతోంది. బల్బులు రెండు. స్విచ్చులు నాలుగు. కుళాయి కారడం లేదు. గోడకి మేకు కంత ఒక్కటీ లేదు, చూసుకోండి.” తాళంచెవి రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపాను.

“ఇదేంది కాకా?”

“అప్పజెప్తన్నాను. సంతకం ఎట్టీసి పంపీండి.”

ఆవిడ తాళంచెవి తీసుకోలేదు. నా ఎదురుగా, కుడిపక్కకి జరిగి, నేల మీద కూర్చుంది. “కండ్లు కనబడకుంటే గది ఎందుకు పోతది? కండ్లు కనబడనోళ్ళకి గది ఇంకా ఎక్కువ గావాలె గదా. ఇది నౌకరికిచ్చిన క్వార్టర్ గాదు కాకా.”

“కాగితంలో అలా ఎక్కడుంది?”

“మీరే చదివిన్రు. ఉండాలనుకున్నంతకాలం అని.”

“అన్‌ఫిట్ అయితే అని లేదు.”

“అన్‌ఫిట్ అనే మాటనే లేదు దాంట్ల. చూపియ్యుండ్రి ఎక్కడుందో.”

పెట్టెలోంచి కాగితం తీసి, కుడికన్నుకి దగ్గరగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆవిడ ఓపిగ్గా కూర్చుంది. ఆ మాట నిజంగానే లేదు. ఇన్నాళ్ళూ గడువు కోసం వెతికానే గానీ, నేను భయపడే మాట అందులో ఉందో లేదో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అది ముందే నా తలలో అచ్చై ఉంది.

జగదల్‌పూర్ ఆసుపత్రికి పొమ్మని, పది రోజులు పట్టొచ్చని చెప్పిందావిడ. అయినా నమ్మకం లేక అడిగాను. “ఆసుపత్రిలో పదిరోజులుంటే గది ఇంకొకరికిస్తారా?”

“తాళం మీరే ఏసుకోండ్రి. చెవి మీ దగ్గరనే ఉంచుకోండ్రి.”

“రెండో చెవి మీ దగ్గర ఉండదా?”

ఆవిడ తన గుత్తిలోంచి నా గది చెవి ఊడదీసి నా చేతిలో పెట్టింది. రెండు చెవులూ చొక్కా లోపలి జేబులో పెట్టి, పైన పిన్నీసు పెట్టుకుని జగదల్‌పూర్ బయల్దేరాను. దారి పొడవునా తడిమి చూసుకుంటూనే ఉన్నాను.

డాక్టరమ్మ కంట్లో ఒత్తిడి కొలిచింది. నీటికాసులు అంది. ఎడమకంటి నరం ఎండిపోయింది, ఇక రాదు. కుడికంట్లోనూ మొదలైంది కానీ దాన్ని నిలబెట్టొచ్చు, చిన్న ఆపరేషను, తర్వాత జీవితాంతం చుక్కలమందు.

“మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా?” అని హిందీలో అడిగింది.

నాన్న, గీత దగ్గర నిలబడి, అరచెయ్యి కంటి మీద. “మా నాన్నకి” అన్నాను. ఆ మాట బయటివాళ్ళకి చెప్పడం అదే మొదటిసారి.

“హోలీ నాటికి వచ్చుంటే ఎడమది కొంతైనా మిగిలేది” అందామె, అప్పటి పరీక్ష కాగితం చూసి. కళ్ళ పరీక్ష చేసిన కుర్రాడు గమనించలేదా అని కూడా అడిగింది. అతని తప్పేమీ లేదని, నేనే మోసం చేశానని చెప్పాను. ఎలా చేశానో కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. రాసుకుంది. ఆమె రాసుకుంటున్నదాన్ని మాత్రం తలకిందులుగా చదవలేకపోయాను.

ఆపరేషను చేయించుకుని పదకొండోరోజు తిరిగి వచ్చాను. తాళం నేను వేసినట్టే ఉంది. లోపల ఎవరైనా తిరిగారేమోనని నేల మీద దుమ్ము చూశాను, అడుగుల గుర్తుల్లేవు. నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. ఎక్కడో ఒక గడువు ఉండే ఉంటుందని, ఒకనాడు ఎవరో జాబితా పట్టుకుని వస్తారని లోపల ఒక మూల అంటూనే ఉంటుంది. దీదీకి ఆ సంగతి చెప్పాను. “అనుమానపడుండ్రి కాకా, గదిల ఉండి పడుండ్రి” అంది.

చుక్కలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటిరోజు గురి తప్పి మందు చెంప మీదికి కారింది. మూడుసార్లు అదే అయ్యింది. గోడ అవతల కర్ర చప్పుడైంది. అప్ప వచ్చి, సీసా నా చేతిలోంచి తీసుకుని, గడ్డం పట్టుకుని పైకెత్తింది. “మీదికి చూడు” అంది. అంతే. సాయంత్రం మళ్ళీ వచ్చింది. నేనన్న మాట గురించి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికి నాలుగు నెలలు.

పేర్లు లేకుండానే అయినా కృతజ్ఞతలు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకోవాలి. కుడికన్ను నిలబెట్టిన డాక్టరమ్మకు. నా వల్ల మాటపడబోయిన టెక్నీషియన్ కుర్రాడికి, క్షమాపణతో. ఇప్పుడు నాకోసం కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతున్న లైబ్రరీ అటెండరుకు. కంటి పుస్తకంలో నేను తిప్పని ఆ పేజీ ఆయనే తీసి ఇచ్చాడు, చదివాను. నా సందేహాలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన దీదీకి. తనకు తెలిసిన ఒక్క ఉపాయం నాకు నేర్పిన నాన్నకు, ఆ ఉపాయం కోసం ఇంకా కోపం ఉన్నా.

ఆఖరికి, పక్కగది అప్పకు. చెప్పొద్దని నేను దణ్ణం పెట్టినా చెప్పినందుకు. ఆమెకు చదువు రాదు. తన గురించి ఏదో రాస్తున్నానని పసిగట్టింది, పూర్తయ్యాక చదివి వినిపించాలని కూర్చుంది. గేటు దగ్గర నేనన్న మాటను ఎగరగొట్టి చదవొచ్చు, ఆమెకు తెలియదు. రేపు చుక్కలు వేశాక, ఆ మాటతో సహా చదువుతాను.